అది పులిపిరేనా?

చర్మం మీద లేచే చిన్న చిన్న బొడిపెల్లో అధిక భాగం ప్రాణానికి ముప్పు తేనివి, నొప్పి కూడా పెట్టనివి. అయినా మెడలోని గొలుసుకు తగులుకుంటున్నప్పుడో, గడ్డం గీసుకునేటప్పుడు బ్లేడుకు తెగి రక్తం కారుతున్నప్పుడో, పెళ్లిచూపులు దగ్గరపడి అద్దంలో పదేపదే కనిపిస్తున్నప్పుడో వాటిని ఎలాగైనా వదిలించుకోవాలన్న తొందర పుడుతుంది. ఆ తొందర తీర్చే ఉపాయాలకు తెలుగు ఇళ్లలో ఏనాడూ కొదవ లేదు. గుర్రపు తోక వెంట్రుకతో బిగించి కట్టడం, సున్నంలో బట్టల సోడా కలిపి చుక్క పెట్టడం, వెలిగించిన అగరుబత్తి కొనతో కాల్చడం, వెల్లుల్లి రెబ్బ రుద్దడం, జిల్లేడు పాలు, నల్లజీడి రసం పూయడం తరతరాలుగా ఉన్నవే. వాటికి ఇప్పుడు ఆన్‌లైన్ అంగళ్లలో దొరికే క్రీములు, చుక్కల మందులు, విద్యుత్తుతో పనిచేసే పెన్నులు తోడయ్యాయి. ఇవన్నీ వట్టి మూఢనమ్మకాలని కొట్టిపారేయడం సరికాదు, ఎందుకంటే వీటిలో చాలావరకు తలపెట్టిన పని చేస్తాయి, అంటే తగిలినచోట కణజాలాన్ని చంపుతాయి. అలా చచ్చినది ఏమిటన్న ప్రశ్నకు మాత్రం ఇంట్లో సమాధానం దొరకదు. ఇంటి వైద్యానికీ ఆసుపత్రి వైద్యానికీ నడుమ ఉన్న అసలు అంతరం పనిముట్లలో కంటే ఈ ప్రశ్నను ముందుగా అడగడంలో, జవాబు తేలేదాకా చేయి ఆపుకోవడంలో ఉంది.

పేరు ఒకటి, స్థితులు అనేకం

వాడుకలో పులిపిర్లుగా చెలామణి అయ్యే వాటిలో కనీసం నాలుగైదు వేర్వేరు స్థితులు కలిసిపోయి ఉంటాయి. వైద్యశాస్త్రం వార్ట్ అని పిలిచే అసలైన పులిపిరి ఒక వైరస్ వల్ల వచ్చే అంటు. హ్యూమన్ పాపిలోమా వైరస్ అనే కుటుంబంలో ఇంతవరకు గుర్తించిన 200కు పైగా రకాల్లో కొన్ని, ముఖ్యంగా 1, 2, 4, 27, 57 అనే సంఖ్యలతో వ్యవహరించేవి, చేతివేళ్ల మీద, గోళ్ల చుట్టూ, అరికాళ్లలో గరుకైన బొడిపెలను పుట్టిస్తాయి. 1907లో ఇటలీ వైద్యుడు జుసెప్పే చూఫో పులిపిరి నుంచి తీసిన రసాన్ని బ్యాక్టీరియాను ఆపేయగల వడపోత గుండా పంపి, దాన్ని తన చేతికే ఎక్కించుకుని, అక్కడ కొత్త పులిపిర్లు మొలవడంతో ఇది బ్యాక్టీరియా కంటే సూక్ష్మమైన జీవి పని అని నిరూపించాడు. అంటువ్యాధి కాబట్టే పులిపిరిని గిల్లిన గోటితో మరోచోట గీరుకుంటే గీత పొడవునా కొత్తవి వరుసగా లేస్తాయి. దాన్ని కోసిన బ్లేడుతోనే ఇంట్లో ఇంకొకరు గడ్డం గీసుకుంటే వారికీ అంటుకోవచ్చు.

మెడ చుట్టూ, చంకల్లో, గజ్జల్లో సన్నని కాడతో వేలాడే మెత్తని తోలు తునకలు దీనికి పూర్తిగా భిన్నమైనవి. స్కిన్ ట్యాగ్ అనే ఈ పెరుగుదల అంటుకునే జబ్బు కాదు. వదులుగా అల్లుకున్న కొల్లాజెన్ పోగులు, కొద్దిపాటి కొవ్వు, ఒకటి రెండు రక్తనాళాలు, పైన పలుచని చర్మం, ఇంతే దాని నిర్మాణం. ఒకటీ అరా ఉంటే పట్టించుకోవలసిన పని లేదు గానీ, గుంపుగా లేచి, వాటితోపాటు మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా మారితే అది ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించడం లేదనడానికి సూచన కావచ్చు. అకాంథోసిస్ నైగ్రికాన్స్ అనే ఈ మార్పును మురికి అనుకుని సెనగపిండితో రుద్దించే తల్లులు ఎందరో ఉన్నారు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. అంతటి దేశంలో మెడ మీది తునకలను దారం కట్టి రాల్చుకుని ఊరుకున్న మనిషి, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవలసిన సందర్భాన్ని కూడా వాటితోపాటే రాల్చుకున్నట్టు.

చామనచాయ, నలుపు రంగు చర్మం గలవారి బుగ్గల మీద, కణతల మీద యుక్తవయసు దాటాక మినుముల పరిమాణంలో లేచే నల్లని బొడిపెలు మరో తెగ. ఇటలీకే చెందిన అల్డో కాస్టెలానీ 1925లో వీటిని వర్ణించి డెర్మటోసిస్ పాపులోసా నైగ్రా అని పేరుపెట్టాడు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డలకు రావడం సర్వసాధారణం, వైరస్‌తో సంబంధమే లేదు. నడివయసు దాటినవారి వీపు, ఛాతీ, ముఖాల మీద గోధుమ, నలుపు రంగుల్లో పైనుంచి అతికించినట్టు కనిపించే సెబోరిక్ కెరటోసిస్ కూడా ఈ జాతిదే, అదీ నిరపాయకరమైనదే. పిల్లల ఒంటి మీద నడుమ చిన్న గుంటతో ముత్యాల్లా మెరిసే మొలస్కం అనే పొక్కులు పాక్స్ తరగతి వైరస్ వల్ల వచ్చి, చాలామందిలో ఏడాది, ఏడాదిన్నరలో వాటంతటవే పోతాయి.

ఇంతవరకు చెప్పుకున్నవన్నీ పొరపాటు జరిగినా పెద్దగా నష్టం లేనివి. అయితే అదే వరుసలో మెత్తని బొడిపెలుగా కనిపించే న్యూరోఫైబ్రోమాలు నరాల తొడుగుల నుంచి పుట్టేవి. ఒంటి నిండా ఇవి ఉండి, పాల కాఫీ రంగు మచ్చలు ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది 1882లో జర్మనీ వైద్యుడు ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ వివరించిన వంశపారంపర్య వ్యాధి కావచ్చు, దానికి కళ్లనూ రక్తపోటునూ ఎముకలనూ పరీక్షించవలసి ఉంటుంది. చెవి తమ్మెల మీద, ముఖం మీద నున్నగా లేచే బుడిపెలు కుష్ఠువ్యాధి సంకేతాలూ కావచ్చు. జాతీయ స్థాయిలో ఆ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని 2005లో ప్రకటించినా కొత్త రోగులు కనబడుతూనే ఉన్నారు. మన దేశంలో చర్మవైద్యుల పట్టా పేరులోనే చర్మ, సుఖ వ్యాధులతోపాటు కుష్ఠు కూడా చేరి ఉండడానికి కారణం ఇదే.

సున్నం, సోడా, సుశ్రుతుడు

ఇంటి చికిత్సల్లో అత్యంత బలమైనది, అందుచేతనే అత్యంత ప్రమాదకరమైనది సున్నం, సోడాల మిశ్రమం. తాంబూలానికి వాడే తడి సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్, బట్టల సోడా సోడియం కార్బొనేట్. ఈ రెండూ నీటి తడిలో కలిసినప్పుడు కాల్షియం కార్బొనేట్ సుద్దలా అడుగున చేరి, పైన సోడియం హైడ్రాక్సైడ్, అంటే సబ్బుల తయారీలో వాడే కాస్టిక్ సోడా మిగులుతుంది. పులిపిరిని తిని వేసేది ఈ కాస్టిక్ సోడాయే. ఆమ్లం చర్మానికి తగిలితే అక్కడి మాంసకృత్తులు గడ్డకట్టి ఒక అట్టలా ఏర్పడి ఆమ్లాన్ని కొంతవరకు లోపలికి పోనీయకుండా అడ్డుకుంటాయి; క్షారం అలా కాదు, అది కణాల కొవ్వును సబ్బుగా మార్చి, మాంసకృత్తులను కరిగించి, తనకు తానే దారి చేసుకుంటూ లోతుకు దిగుతుంది. పైకి ఒక చుక్కగా కనిపించిన మచ్చ మర్నాటికి లోతైన పుండు కావడం ఇందువల్లనే. కనురెప్ప మీది బొడిపెకు సున్నం పెట్టబోయి అది కంట్లోకి జారితే చూపుకే ప్రమాదం. అటువంటప్పుడు నిమ్మరసం వంటి విరుగుళ్ల కోసం వెతుక్కోకుండా, పొడి సున్నమైతే ముందు దులిపివేసి, ధారగా పారే నీటితో కనీసం 20 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఈ మిశ్రమానికి శాస్త్రీయమైన పూర్వచరిత్ర ఉంది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని క్షారపాకవిధి అనే అధ్యాయం, మొక్కలను కాల్చిన బూడిదను నీటిలో కలిపి వడగట్టి, కాల్చిన సున్నపురాయిని, శంఖాలను చేర్చి కాచి, మృదువు, మధ్యమం, తీక్ష్ణం అనే మూడు స్థాయిల క్షారాన్ని తయారుచేసే విధానాన్ని వివరిస్తుంది. బూడిదలోని పొటాషియం కార్బొనేట్ సున్నంతో కలిసి కాస్టిక్ పొటాష్ కావడమే అందులో జరిగే రసాయనిక చర్య. భారతీయ రసాయనశాస్త్ర చరిత్రను గ్రంథస్థం చేసిన ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ ఈ ప్రక్రియలోని కచ్చితత్వాన్ని ఎంతో మెచ్చుకున్నాడు. మశకం, తిలకాలకం, చర్మకీలం వంటి పేర్లతో నేటి పుట్టుమచ్చలను, పులిపిర్లను పోలిన వాటికి శస్త్రంతో గీరి, క్షారంతోనో అగ్నితోనో దహించే చికిత్సను ఆ గ్రంథం చెప్పింది. కాబట్టి ఇంట్లో పెట్టే సున్నపు చుక్కను సంప్రదాయ వైద్యమని వెనకేసుకొచ్చేవారి మాటలో కొంత నిజం ఉంది.

మిగిలిన నిజాన్ని వారు చెప్పరు. అదే అధ్యాయం క్షారాన్ని ఎవరికి వాడరాదో కూడా చెప్పింది: పిల్లలు, ముసలివారు, బలహీనులు, గర్భిణులు ఆ జాబితాలో ఉన్నారు, మర్మస్థానాలు, కీళ్లు, సిరలు, కళ్లు ఉన్నచోట్ల జాగ్రత్తలున్నాయి, మందు పూశాక నూరు అక్షరాలు పలికేంత సేపే ఆగాలన్న కాలపరిమితి ఉంది, ఆపై పులిసిన కాంజికం వంటి ఆమ్లద్రవ్యాలతో దాని తీవ్రతను తగ్గించే విధి ఉంది. క్షారం ఎక్కువైతే కలిగే ఉపద్రవాలను విడిగా పేర్కొంది. శతాబ్దాల ప్రయాణంలో ఇంటిదాకా వచ్చేసరికి సున్నం ఒక్కటే మిగిలి, దాన్ని ఎప్పుడు వాడకూడదన్న విద్య అంతా జారిపోయింది. సంప్రదాయం పట్ల గౌరవం ఉన్నవారికి ముందుగా కలగవలసిన అభ్యంతరం ఇది.

నల్లజీడి కథ కూడా ఇటువంటిదే. బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి రజకులు వాడిన ఈ గింజ రసంలో భిలవనాల్ అనే జిడ్డు పదార్థం ఉంటుంది. అది తగిలినచోట కాల్చడమే కాక, తీవ్రమైన అలర్జీ కలిగించి, పూసిన మేరను దాటి ముఖమంతా వాచేలా చేయగలదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో భారతదేశంలో ఉన్న అమెరికా సైనికులకు ఉతికి వచ్చిన దుస్తుల మీది గుర్తుల వల్లనే దద్దుర్లు వచ్చి, ఆ సంగతి వైద్యపత్రికలకెక్కింది. దుస్తుల మీద ఆరిన గుర్తుకే అంత శక్తి ఉంటే, పచ్చి రసాన్ని చర్మం మీద చుక్కలుగా పెట్టుకోవడంలోని సాహసం ఎంతటిదో ఊహించవచ్చు.

ఇంట్లో చేయదగినవి

ఇంట్లో ఏమీ చేయకూడదని చెప్పడం వైద్యపరంగా నిజం కాదు, ఆచరణలో సాధ్యమూ కాదు. అన్నిటికంటే ముందు చెప్పవలసిన గృహచికిత్స ఏమీ చేయకుండా ఊరుకోవడం. పిల్లల చేతులకు వచ్చే వైరస్ పులిపిర్లలో దాదాపు మూడింట రెండు వంతులు రెండేళ్లలో ఏ మందూ లేకుండా మాయమవుతాయి, ఎందుకంటే అప్పటికి రోగనిరోధక వ్యవస్థ ఆ వైరస్‌ను గుర్తుపట్టి దాడి చేస్తుంది. గుడిలో ఉప్పు, మిరియాలు సమర్పించే మొక్కుకూ, పసరు వైద్యానికీ, నీటిలో కరిగించి తాగించే తీపి మాత్రలకూ దక్కిన కీర్తిలో పెద్ద వాటా ఈ సహజ నిర్మూలనదే. వెండి రంగు ప్లాస్టిక్ టేపు అతికిస్తే పులిపిర్లు రాలతాయని 2002లో అమెరికాలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం ప్రపంచమంతా మారుమోగింది. 2006, 2007 సంవత్సరాల్లో మరింత జాగ్రత్తగా జరిపిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు, అయినా టేపు సలహా నేటికీ చలామణిలోనే ఉంది.

వైద్య ఆధారాలు గట్టిగా ఉన్న గృహచికిత్స శాలిసిలిక్ ఆమ్లం. మందుల దుకాణాల్లో సుమారు 17 శాతం గాఢతతో ద్రవంగా దొరికే ఈ మందు పైపొరలోని కెరటిన్ బంధాలను వదులుచేసి పొలుసులుగా ఊడగొడుతుంది. చేతి మీదో కాలి మీదో ఉన్న వైరస్ పులిపిరిని గోరువెచ్చని నీటిలో ఐదు పది నిమిషాలు నానబెట్టి, మెత్తబడిన పైపొరను ప్రత్యేకంగా కేటాయించిన రాయితో గీరి, చుట్టూ ఉన్న చర్మానికి వాజలిన్ రాసి, బొడిపె మీద మాత్రమే మందు పూయడం, దీన్ని మూడు నెలల దాకా ఓపికగా కొనసాగించడం దాని పద్ధతి. ఆ ఓపిక లేకనే చాలామంది రెండు వారాలకు విసిగి బ్లేడు పట్టుకుంటారు. ముఖానికి, జననాంగాలకు, పుట్టుమచ్చలకు ఈ మందు వాడకూడదు.

కాడ సన్నగా ఉన్న స్కిన్ ట్యాగ్‌కు వెంట్రుకో దారమో కట్టడం వెనుక ఉన్న తర్కం సరైనదే: రక్తప్రసారం ఆగితే కణజాలం ఎండి రాలుతుంది. కాడ పొగాకు ఈనె అంత సన్నగా ఉన్నప్పుడు ఇది పనిచేస్తుంది కూడా. అడుగు వెడల్పుగా ఉంటే మాత్రం ముడి ధమనిని పూర్తిగా మూయలేక, పలుచని గోడలున్న సిరలను మాత్రమే నొక్కుతుంది. రక్తం లోపలికి వస్తూ బయటికి పోలేక బొడిపె ఉబ్బి, నల్లబడి, చీము పట్టి, అంతకుముందు లేని నొప్పిని తెచ్చిపెడుతుంది. గుండె జబ్బులకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలుచబరిచే మందులు వాడేవారు కత్తెరతో తుంచుకుంటే రక్తం సులభంగా ఆగదు.

ఆన్‌లైన్ అంగళ్ల సరుకు మరో లోకం. పుట్టుమచ్చలను, స్కిన్ ట్యాగ్‌లను తొలగించడానికి వైద్యుడి చీటీ లేకుండా అమ్మదగిన మందు ఒక్కదానికీ తాము ఆమోదం ఇవ్వలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ స్పష్టం చేసి, 2022లో అలాంటివి అమ్ముతున్న సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. సహజ మూలికల పేరుతో వచ్చే నల్లని లేపనాల్లో కొన్నిటిలో జింక్ క్లోరైడ్, సాంగ్వినేరియా అనే మొక్క వేరు కలిసి ఉంటాయి. అవి చర్మాన్ని కాల్చి పెచ్చు కట్టిస్తాయి, పెచ్చు ఊడాక పైన కొత్త చర్మం కప్పుకుంటుంది, అడుగున క్యాన్సర్ ఉంటే అది ఆ కప్పు కింద పెరుగుతూనే పోతుంది. అందానికి సంబంధించిన శస్త్రచికిత్సకు బీమా సొమ్ము రాదని తెలిసి ఈ సరుకును తెప్పించుకునే ప్రవాసులకూ ఈ మాట వర్తిస్తుంది.

ఇంట్లో గడ్డకట్టించే స్ప్రేలు డైమెథైల్ ఈథర్, ప్రొపేన్ మిశ్రమంతో సుమారు మైనస్ 57 డిగ్రీల సెల్సియస్ చలిని ఇస్తాయి, వైద్యుడు వాడే ద్రవ నత్రజని మైనస్ 196 డిగ్రీలది. ఈ తేడా కంటే తెలుగువారి చర్మానికి ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు మైనస్ 5 డిగ్రీల దరిదాపుల్లోనే చనిపోతాయి, పైపొర కణాలు చావడానికి అంతకంటే చాలా ఎక్కువ చలి కావాలి. కాబట్టి పులిపిరిని చంపలేని చలి కూడా రంగును చంపగలదు. తెల్లతోలు దేశాల్లో ఎవరి కంటా పడని ఆ మార్పు నల్లని చేతి మీద తెల్లమచ్చగా మిగిలి, బొల్లి అని నలుగురూ అడిగే పరిస్థితి తెస్తుంది. అనుభవమున్న వైద్యుడు ముఖం మీది బొడిపెలకు గడ్డకట్టించే పద్ధతిని తగ్గించి, సన్నని సూదిమొనతో చేసే రేడియో తరంగాల కాటరీని ఎంచుకోవడానికి ఇదొక కారణం.

ఆనెకాయ సంగతి

పులిపిరి అనుకుని పొరపడే వాటిలో అరికాలి ఆనెకాయ ఒకటి. వైరస్ ప్రమేయం లేకుండా, బిగుతు చెప్పు వల్లనో ఎముక ఒత్తిడి వల్లనో చర్మం కాయకట్టి, నడుమ గట్టి మేకులా లోపలికి దిగేది ఆనె. నేరుగా నొక్కితే నొప్పి పెడుతుంది. అరికాలి పులిపిరిని రెండు వేళ్లతో పక్కల నుంచి ఒత్తితే నొప్పి ఎక్కువ, పైపొర గీరితే గడ్డకట్టిన రక్తనాళాలు నల్లచుక్కలుగా కనిపిస్తాయి, చర్మపు గీతలు దాని అంచు దగ్గర తెగిపోతాయి. ఆనె కోసం అమ్మే పట్టీల్లో శాలిసిలిక్ ఆమ్లం గాఢత 40 శాతం దాకా ఉంటుంది. దీర్ఘకాలిక మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారికి ఆ పట్టీ చర్మాన్ని తినేస్తున్నా తెలియదు. చిన్న పుండుగా మొదలై వేలు తీసేయవలసిన స్థితికి చేరే ప్రమాదం ఉంది కాబట్టి మధుమేహ రోగులు పాదాల మీద పట్టీ, బ్లేడు, ఆమ్లం దేన్నీ సొంతంగా వాడరాదు.

పుట్టుమచ్చకు వేరే న్యాయం

పులిపిరిని పొరపాటున కాల్చుకుంటే మచ్చ మిగులుతుంది, పుట్టుమచ్చను కాల్చుకుంటే సాక్ష్యం పోతుంది. పుట్టుమచ్చ అంటే మెలనోసైట్ కణాలు ఒకచోట గుమిగూడిన పెరుగుదల. వాటిలో అత్యధికం జీవితాంతం అలాగే ఉండిపోతాయి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ పుట్టేదీ ఈ కణాల నుంచే. భారతీయుల్లో అది అరుదు, అయితే వచ్చినప్పుడు ఎండ తగిలే చోట్లకంటే అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద ఎక్కువగా వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లీ కాలి బొటనవేలి గోటి కింది మచ్చను మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగా భావించారు. 1977లో అది మెలనోమా అని తేలింది, 1981లో 36 ఏళ్ల వయసులో ఆయన మరణించాడు. అరికాలి మీద కొత్తగా పుట్టి వెడల్పవుతున్న నల్లమచ్చను, గోటి పొడవునా గీతగా సాగుతున్న నలుపును జిల్లేడు పాలకు అప్పగించకూడదు.

న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు 1985లో ప్రతిపాదించి, 2004లో విస్తరించిన ఐదు గుర్తులు అనుమానించడానికి చాలినంత ఆధారమిస్తాయి: మచ్చ రెండు సగాలు ఒకదానితో ఒకటి పోలకపోవడం, అంచు వంకరటింకరగా ఉండడం, ఒకే మచ్చలో పలు రంగులు కలగలవడం, అడ్డుకొలత 6 మిల్లీమీటర్లు దాటడం, కాలక్రమంలో మార్పు రావడం. వీటిలో ఆఖరుది అన్నిటికంటే విలువైనది, దాన్ని కనిపెట్టడానికి పాత ఆధారం కావాలి. ఈ విషయంలో తెలుగు రాష్ట్రాలవారి చేతిలో అనుకోని సాధనం ఒకటి ఉంది. పదో తరగతి ధ్రువపత్రంలో గుర్తింపు చిహ్నాల కింద రాయించిన కుడి చేతి మీది పుట్టుమచ్చ, ఎడమ చెంప మీది పుట్టుమచ్చ అనే పంక్తులు ఆ మచ్చ పదిహేనేళ్ల వయసుకే ఉందనడానికి తేదీతో సహా రుజువులు. అలా నమోదై, యాభై ఏళ్లకూ అదే తీరుగా ఉన్న మచ్చ మీద అనుమానపడనక్కర్లేదు. నలభై దాటాక కొత్తగా వచ్చిన నల్లమచ్చ చాలాసార్లు సెబోరిక్ కెరటోసిస్‌గానే తేలుతుంది, అయినా దాన్ని ఒకసారి చూపించడం మంచిది. పుట్టుమచ్చ ఉన్న చోటును బట్టి భాగ్యాన్ని లెక్కగట్టే పుస్తకాలు చోటు గురించి చెప్పినంత శ్రద్ధగా దాని మార్పు గురించి చెప్పి ఉంటే ఎంతో ఉపకారం జరిగేది.

ముఖం మీద, ముక్కు పక్కన మెరిసే అంచుతో నెమ్మదిగా పెరిగే బేసల్ సెల్ కార్సినోమా అనే మరో క్యాన్సర్, భారతీయ చర్మంలో రంగు చేరి నల్లగా ఉండడం వల్ల అచ్చం పుట్టుమచ్చలా కనిపిస్తుంది. అది ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు, తొలిదశలో కోసి తీసేస్తే నయమవుతుంది. సున్నం పెట్టి మాన్పి, మళ్లీ పుండయితే మళ్లీ సున్నం పెడుతూ ఏళ్లు గడిపితే ముక్కు మృదులాస్థినే తినేస్తుంది.

వైద్యుడి గదిలో

చర్మవైద్యుడు చేసే తొలగింపు చూడటానికి ఇంటి పనికంటే పెద్ద తేడాగా కనిపించదు. మత్తు క్రీము రాయడమో లిగ్నోకైన్ సూది వేయడమో చేసి, కాడ ఉన్నదాన్ని కత్తెరతో కత్తిరిస్తారు, కాడ లేనిదాన్ని కాటరీతో కాలుస్తారు, పుట్టుమచ్చను అవసరమైతే చుట్టూ కొంత చర్మంతో సహా కోసి కుట్టు వేస్తారు. కొవ్వు గడ్డకు, చర్మం కింద తిత్తిలా ఏర్పడే సిస్టుకు గంటు పెట్టి, తిత్తి గోడతో సహా బయటికి తీస్తారు. ఇంట్లో పిండినప్పుడు లోపలి ముద్ద వస్తుంది గానీ గోడ అక్కడే ఉండిపోయి మళ్లీ నిండుతుంది. ఛాతీ, భుజాలు, చెవి తమ్మెల మీద గాయం గట్టి కాయలా పెరిగే కీలాయిడ్ స్వభావం ఉన్నవారిని గుర్తించి, అసలు ముట్టుకోవద్దని చెప్పడం కూడా ఆ గదిలో జరిగే వైద్యమే. జననాంగాల మీది పులిపిర్లకైతే సొంత వైద్యం పనికిరాదు, భాగస్వాములిద్దరికీ పరీక్ష అవసరమవుతుంది. వాటికి ప్రధాన కారకాలైన పాపిలోమా వైరస్ 6, 11 రకాలతోపాటు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే 16, 18 రకాల నుంచి రక్షించే దేశీయ టీకా సెర్వావాక్ 2023లో విడుదలైంది.

అయితే తెల్లకోటు ఉన్న ప్రతిచోటా ఈ జాగ్రత్త ఉంటుందనుకోవడం పొరపాటు. వీధికొకటిగా వెలసిన సౌందర్య కేంద్రాల్లో, బ్యూటీపార్లర్లలో, ఊళ్లలోని అర్హత లేని వైద్యుల దగ్గర బొడిపెను పట్టి చూడకుండానే యంత్రంతో కాల్చి పంపేయడం, సంఖ్యను బట్టి ధర చెప్పడం కనబడుతుంది. పరిశీలన లేని కాటరీకీ అగరుబత్తికీ వైద్యపరంగా తేడా లేదు, పైగా సరిగా శుద్ధిచేయని సూదిమొన ఒకరి నుంచి ఇంకొకరికి హెపటైటిస్ బి చేరవేయగలదు. ఆ వైరస్ శరీరం వెలుపల కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల (డీవీఎల్) పట్టా ఉందా, రాష్ట్ర వైద్యమండలిలో నమోదైందా, పది రెట్లు పెద్దదిగా చూపే డెర్మోస్కోప్ అనే చేతి భూతద్దంతో చూశారా అని గమనించడం రోగి హక్కు. ఖర్చుకు వెనుకాడేవారికి హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ, విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనూ, ఇతర ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనూ చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి.

తీసిన ముక్కను ఏం చేస్తారన్నది ఇంకొక పరీక్ష. నిస్సందేహంగా స్కిన్ ట్యాగ్ అని తేలినదాన్ని పారేయవచ్చు. ఏ కొంచెం అనుమానం ఉన్నా ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి పాథాలజిస్టుకు పంపాలి. సూక్ష్మదర్శిని కింద కణాల అమరిక చూసి ఆయన ఇచ్చే నివేదికే చివరి మాట. కాల్చి బూడిద చేసినదాన్ని, సున్నంతో కరిగించినదాన్ని చూసి నివేదిక ఇవ్వగల పాథాలజిస్టు ఎక్కడా లేడు.

ఇంట్లో ఒకసారి ప్రయత్నించి విఫలమైనవారి విషయంలో చిక్కు ఇంకాస్త ముదురుతుంది. సగం కాలిన పుట్టుమచ్చ అడుగున మిగిలిన మెలనోసైట్లు మాని వచ్చిన మచ్చలోకి మళ్లీ పెరిగినప్పుడు, సాధారణంగా ఆరు నెలల లోపే, పైకి వంకర అంచులతో, పలు రంగులతో కనిపించడమే కాక, సూక్ష్మదర్శిని కింద కూడా మెలనోమాను తలపిస్తాయి. 1975లో ఈ స్థితిని మొదట వివరించిన వైద్యులు దీన్ని సూడోమెలనోమా, అంటే మెలనోమా భ్రాంతి అన్నారు. పాత గాయం సంగతి తెలియని పాథాలజిస్టు దాన్ని క్యాన్సర్‌గా చదివితే రోగికి అనవసరమైన పెద్ద శస్త్రచికిత్స జరగవచ్చు. సున్నం పెట్టామనో, వెంట్రుక కట్టామనో చెప్పడానికి సిగ్గుపడి వైద్యుడి ముందు దాచేవారు చాలామంది. ఏది పూశారు, ఎన్నాళ్ల కిందట పూశారు, అంతకుముందు ఆ మచ్చ ఎలా ఉండేది అన్న మూడు వివరాలు ముక్కతోపాటు వెళ్లే కాగితం మీద ఉంటే, ఆ నివేదికను చదివే పద్ధతే మారిపోతుంది.